బిగబట్టిన ఊపిరి

మా అక్క గ్వెండా షెఫీల్డ్‌లో ఇరవై ఏళ్లు పిల్లలకు ఈత నేర్పింది. కోవిడ్ వచ్చి తగ్గాక మేడమెట్లు ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చునేది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. "అంతా నీ బుర్రలోనే ఉందే అక్కా, లేచి తిరుగు" అని నేనూ ఎన్నోసార్లు దెప్పాను.

రెండేళ్ల తర్వాత ఆస్పత్రివాళ్లు కొత్తరకం ఎం.ఆర్.ఐ.కి పిలిచారు. జెనాన్ అనే గ్యాసు పీలిస్తే, అది ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి దిగుతోందో లేదో బొమ్మలో తెలుస్తుందట. తోడుగా వెళ్లాను. కారులో అక్క ఆస్పత్రి ఉత్తరాన్ని మడతపెడుతూ, మళ్లీ విప్పుతూ కూర్చుంది.

"ఏమన్నా కనపడుతుందని భయమా?" అడిగాను.

"ఏమీ కనపడదేమోనని. అప్పుడు నువ్వన్నదే నిజమవుతుంది కదే!"

ఆస్పత్రి ముందు కారు ఆపి, దిగి అక్కవైపు తలుపు తెరిచాను.

టెక్నీషియన్ ఇమోజెన్ అక్క ఛాతీకి జాకెట్టులాంటిది కట్టింది. "ఈ సంచిలో గ్యాసంతా గొట్టంతో పీల్చి పద్నాలుగు సెకన్లు బిగబట్టమ్మా. తల కాస్త తిరుగుతుంది, కంగారుపడకు."

"బిగబట్టడమా? మాట పూర్తిచెయ్యడానికే ఊపిరి చాలట్లేదు తల్లీ!"

అక్క చేతికో అలారం ఇచ్చి యంత్రం సొరంగంలోకి తోశారు; నేను అద్దం బయట నిలబడ్డాను. ఆరు సెకన్లకే దగ్గు తెర ముంచుకొచ్చింది. అక్క అలారం నొక్కేసింది. బయటికి లాగేసరికి పెదాలు పాలిపోయి ఉన్నాయి. "నీళ్లలో ముంచి పైనుంచి తొక్కినట్టుందే. నావల్ల కాదు."

ఈసారి తోడుంటానన్నాను. లోపల పెద్ద అయస్కాంతం కదా, నా ఉంగరాలు, గడియారం తీయించి రానిచ్చారు. అక్క పాదం పట్టుకుని నిలబడ్డాను. రెండో సంచి తెచ్చారు. యంత్రం దడదడలాడుతోంది. ఇమోజెన్ లెక్క పదకొండుకు వచ్చేసరికి పాదం ఎగిరిపడింది. నా చేతులతోనే చంపుకుంటున్నానా అనిపించి ఒళ్లంతా చెమట పట్టింది. పన్నెండు. పదమూడు.

"వదిలెయ్యమ్మా!" అంది ఇమోజెన్.

కాసేపటికి డాక్టర్ థాక్రే తెర మీద బొమ్మలు చూపించాడు. మొదటి బొమ్మలో ఊపిరితిత్తుల నిండా గ్యాసు వెళ్లింది. రెండో బొమ్మలో మాత్రం నల్లటి మచ్చలు.

"అక్కడ గాలి రక్తంలోకి దిగట్లేదు. మామూలు స్కాన్లలో ఇది దొరకదు."

"మందుందా?" అడిగింది అక్క.

"దీనికంటూ ఇంకా లేదమ్మా. నెమ్మదిగా తగ్గచ్చు. మాట మాత్రం ఇవ్వలేను."

బయటికొచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాం. "తప్పు చేశానే అక్కా" అన్నాను.

"ఊరుకోవే. నిజమని తేలాక ఇప్పుడు ఇంకా భయంగా ఉంది. చెయ్యివ్వు."

కారుదాకా నలభై అడుగులు. మూడుసార్లు ఆగింది. నేను తొందరపెట్టలేదు.