కొత్త వెర్షన్

కెనడాలోని సార్నియాలో అద్దెకుంటున్న స్టూడెంట్లని ఇంటి ఓనర్లు కొడితే, ఆ సాక్ష్యం భద్రంగా దాచాలని వికాస్ ఒక వెబ్‌సైట్ తయారుచేశాడు. వాడి రూమ్మేట్ ప్రజ్వల్‌ని ఓనర్ మంచు ఎత్తే పారతో దవడ చీలేలా కొట్టినప్పుడు, ప్రజ్వల్ నెత్తురోడుతూనే గాయాన్ని ఫొటో తీసి అందులో పెట్టాడు. మరుక్షణం ఓనర్ ఆ ఫోన్‌ని బూటుకింద నుజ్జునుజ్జు చేశాడు.

గాయం మానింది. రేపు కోర్టులో ఓనర్ మీద విచారణ అనగా, సైట్లో బటన్ల రంగు మార్చాలని వికాస్‌కి పాడుబుద్ధి పుట్టింది. ఎప్పటిలాగే పాత ఫోల్డర్ మొత్తం తుడిచేసి కొత్త కోడ్ ఎక్కించాడు. ఫొటోలు కూడా ఆ ఫోల్డర్లోనే ఉన్నాయన్న సంగతి కొంప మునిగాక గానీ తట్టలేదు. బ్యాకప్ కూడా లేదు.

"కోడ్ వేరే, డేటా వేరే పెట్టుమని చిలక్కి చెప్పినట్టు చెప్పిన కదరా!"

ప్రజ్వల్ వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని టేబుల్‌కేసి బాదాడు. ఆగకుండా బాదాడు. వికాస్ దవడ చిట్లింది, పన్నొకటి ఊడి కీబోర్డు మీద పడింది.

"సారీ రా," అన్నాడు వికాస్ నెత్తురు మింగుతూ.

ప్రజ్వల్ రొప్పుతూ కొత్త ఫోన్ తీసి, కెమెరా ఆ మొహానికి గురిపెట్టాడు.

"నీ దవడ గూడ నా లెక్కనే పగిలింది. ఫొటో తీస్తున్న. ఇప్పుడు చెప్పు, దీన్ని ఏ ఫోల్డర్ల పెడ్తవ్?"