చవక కొట్టులో కండక్టరమ్మ

ఆ ఇంట్లో అత్తగారికీ అల్లుడికీ అన్నింటిలోనూ పొత్తు కుదిరింది, సరుకులు ఎక్కడ కొనాలన్న ఒక్క విషయంలో తప్ప. అక్కడ మాత్రం ఉప్పూ నిప్పూ.

అత్తగారు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. పేటలో అందరికీ ఆమె కండక్టరమ్మే. రిటైరైనా గొంతు మాత్రం రిటైరు కాలేదు. పక్కింటివాళ్ళు టీవీ చప్పుడు పెంచుకుంటే, ఈవిడ ఫోనులో మాట్లాడుతోందని అర్థం. ఆమె కూతురు ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేది. వచ్చినవాళ్ళను వరసగా లోపలికి పిలవడం, పనిముట్లు వేడి ఆవిరిలో శుభ్రం చేయడం, కుర్చీలో బిగుసుకుపోయినవాళ్ళ చెయ్యి పట్టుకోవడం ఆమె పనులు. అల్లుడు కారు నడపడం నేర్పే మాస్టారు. రోజంతా పక్క సీట్లో కూర్చుని ఇతరుల తప్పులకు తాను బ్రేకు తొక్కే ఉద్యోగం కావడంతో, ఇంటికొచ్చాక కాస్త గట్టిగా వాదించుకుంటేనే ఆయనకు అలసట తీరేది.

వాళ్ళ పేటలో రోడ్డుకు అటూ ఇటూ రెండు కొట్లుండేవి. ఇటువైపుది పెద్ద స్టోరు. మనిషి దగ్గరకు రాగానే అద్దాల తలుపులు వాటంతటవే పక్కకు జరిగేవి. లోపల చల్లదనం, వినీ వినబడని పాట, ఒక్కొక్కటీ తుడిచి పేర్చినట్టు యాపిల్ పళ్ళు. అటువైపుది చవక కొట్టు. ఒకప్పుడది సోఫాల గోడౌను. అక్కడ సరుకును అట్టపెట్టెల్లోంచి తీసే తీరిక ఎవరికీ ఉండదు. పెట్టె పైభాగం చింపి అలాగే నేల మీద పెట్టేస్తారు, కావలసినవాళ్ళు వంగి తీసుకోవలసిందే. సంచీ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. బిల్లు వేసే బల్లలు చాలానే ఉన్నా, వాటి వెనక మనిషి మాత్రం ఒక్కడే.

అల్లుడు చవక కొట్టు పక్షం. అదే పప్పు, అదే పంచదార, పాట వినిపించినందుకు మనమెందుకు ఎక్కువివ్వాలని ఆయన వాదన. పెద్ద స్టోరు పేరెత్తితే చాలు, పైన పటారం లోన లొటారం అనేవాడు. అత్తగారు అన్నీ విని ఒక్కటే జవాబు చెప్పేది.

“నా ఉద్యోగమంతా జనం మోచేతుల మధ్యే అయిపోయింది బాబూ. ఇప్పుడు కాస్త ఖాళీ ఉన్నచోట నడవాలనుంది. తలుపు దగ్గర ఎవరో ఒకళ్ళు రండి మేడమ్ అంటుంటే వినాలనుంది. నేను డబ్బులిచ్చేది పప్పుకి కాదు, ఆ ఖాళీకి.”

దీనికి అల్లుడి దగ్గర సమాధానం లేదు. లేదు కాబట్టే మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఇలా ఉండగా పళ్ళ డాక్టరుగారిని, ఆయన భార్యను కూతురు ఆదివారం భోజనానికి పిలిచింది. పిలిచాక ఆమెకు గుబులు పట్టుకుంది. డాక్టరుగారి భార్య చాలా దర్జా మనిషని క్లినిక్కులో పేరు. తమ ఇంటి గడప లోపలికి ఆ చవక కొట్టు పొట్లం ఒక్కటి కూడా రాదని ఆవిడ అంటుండగా కూతురు చెవులారా విన్నది. భోజనానికి సరుకులు ఎక్కడ తేవాలన్న మాట రాగానే ఇంట్లో అత్తా అల్లుడూ చెరోవైపు మొదలుపెట్టారు. బంగాళాదుంపలు తరుగుతున్న కూతురు కత్తి కింద పెట్టింది. ఈసారి అమ్మ చవక కొట్టుకు, ఆయన పెద్ద స్టోరుకు వెళ్ళాలని తీర్పు చెప్పింది. కాలు పెట్టని కొట్టును తిట్టే హక్కు ఎవరికీ లేదంది. ఇద్దరూ కాసేపు గొణిగారు గానీ, ఆ ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ ఆమెదే.

అల్లుడు ఉల్లిపాయలు, కూరగాయలు, పెరుగు తేవాలి. సైనికుడు శత్రుదేశంలోకి వెళ్ళినట్టు, అటూ ఇటూ చూడకూడదని నిశ్చయించుకుని పెద్ద స్టోరులోకి అడుగుపెట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ఒకమ్మాయి పళ్ళెంలో చీజ్ ముక్కలు పెట్టుకుని రుచి చూడమంది. ఊరికే వచ్చేదాన్ని కాదనడం ఆయన సిద్ధాంతానికే విరుద్ధం. ఒకటి తిన్నాడు. రెండోరకం కూడా చూడమంది. మూడోది తిన్నాక, ఏమీ కొనకుండా వెళ్ళిపోతే బాగుండదేమోనని ఆయనకు మొహమాటం పుట్టింది. ఆ తర్వాత ఒకాయన కాఫీ ఇచ్చి, స్టోరు సభ్యత్వం కార్డు గురించి చెబుతూ, అల్లుడి ఉద్యోగం సంగతి అడిగి, డ్రైవింగు నేర్పడమంటే ఎంత ఓర్పు కావాలో అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ అనని మాట అది. అల్లుడు ఇంటికి తిరిగొచ్చేసరికి చేతిలో మూడు రకాల చీజ్, ఒక సువాసనల కొవ్వొత్తి, జేబులో కార్డు ఉన్నాయి. ఉల్లిపాయలు లేవు. భార్య అడిగితే నీళ్ళు నమిలి, మళ్ళీ వెళ్ళొస్తానన్నాడు. ఆ ‘మళ్ళీ’ అన్నప్పుడు ఆయన గొంతులో ఉత్సాహం ఆమె కనిపెట్టకపోలేదు.

ఇక చవక కొట్టులో కండక్టరమ్మ సంగతి. బియ్యం, నూనె, పప్పు బండిలో వేసుకుని బిల్లు దగ్గరికి వచ్చేసరికి అక్కడ వరస కాదు, గుంపు ఉంది. బండ్లు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. ఒకావిడ ఉప్పు పొట్లం ఒక్కటి పట్టుకుని కొండంత సామాను వెనక నిలబడి ఏడుపు మొహం పెట్టింది. ఒక ముసలాయన ఏ ఆసరా లేక ఊగుతున్నాడు. బిల్లు వేసేవాడే మేనేజరు కూడానట. అటు పెట్టెలు దించమని కేకలు వినిపిస్తుంటే, ఇటు చెయ్యాడక చెమటలు కక్కుతున్నాడు. కండక్టరమ్మ కాసేపు చూసింది. ఇంకాసేపు ఓర్చుకుంది. ఆ పైన ఆమె వల్ల కాలేదు.

“వెనకవాళ్ళు తోయకండి. ముందువాళ్ళు గోడవైపు జరగండి. ఒకటీ రెండూ ఉన్నవాళ్ళు ఇటు రండి. తాతగారూ, మీరు ఆ బియ్యం బస్తా మీద కూర్చోండి, మీ వంతు వస్తే నేను పిలుస్తా.”

ఆ గొంతు విని జనం జరిగారు. ఎందుకు జరిగారో వాళ్ళకే తెలియదు. క్షణాల్లో గుంపు కాస్తా తీరైన వరసైంది. ఆమె కొట్టు మనిషే అనుకుని ఎవరో పంచదార ఎక్కడని అడిగితే, రెండో సందు చివర అని చెప్పింది. అది నిజంగా అక్కడే ఉందో లేదో ఆమెకు తెలియదు. కండక్టరు తెలియదని చెప్పకూడదని ఆమె నమ్మకం.

అప్పుడే టోపీ ముఖం మీదికి లాక్కున్న ఒక పెద్దమనిషి, పక్కనుంచి నెమ్మదిగా బండి తోసుకుంటూ ముందుకు దూరబోయాడు. కండక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, వెనక్కి వెళ్ళమంది. ఆయన తలెత్తకుండా తనకు తొందర పని ఉందన్నాడు. తొందర లేనివాళ్ళెవరూ ఈ ఊళ్ళో పుట్టలేదని చెప్పి, ఆమె ఆయన్ని చివరికి పంపింది. తర్వాత ఆయన బిల్లు కట్టి ఒక మూల అట్టపెట్టెల చాటుకు వెళ్ళడం ఆమె గమనించింది. అక్కడ నిలబడి, జేబులోంచి మడతలు పెట్టిన సంచీలు తీశాడు. అవి పెద్ద స్టోరు సంచీలు, బంగారు అక్షరాలతో. చవక సరుకంతా ఒక్కొక్కటే వాటిలోకి మార్చి, బిస్కెట్ల కాగితం పొట్లాలు విప్పి, వాటిని వెంట తెచ్చుకున్న ఒక అందమైన డబ్బాలో సర్దాడు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా, ఎవరూ చూడలేదన్న ధీమాతో బయటికి నడిచాడు.

ఆమె ఇంటికి వచ్చేసరికి చాలా పొద్దుపోయింది. గొంతు బొంగురుపోయింది. నూనె కొట్టులోనే మరిచిపోయింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. కొట్టు ఎలా ఉందని అల్లుడు అడిగితే, పరమ దరిద్రంగా ఉందని, వచ్చే శనివారం మళ్ళీ వెళ్ళాలని చెప్పింది.

ఆదివారం గంట మోగింది. తలుపు తీసిన కండక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎదురుగా సూటు వేసుకుని, టోపీ లేకుండా, నిన్నటి పెద్దమనిషి. ఆమె పళ్ళు రాళ్ళలాంటివి కావడంతో కూతురు పనిచేసే డాక్టరు ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయనా ఆమెను గుర్తుపట్టి గతుక్కుమన్నాడు. పక్కనే మెరిసే చీరలో ఆయన భార్య, ఆవిడ చేతిలో ఆ డబ్బా.

భోజనం సాగినంతసేపూ డాక్టరుగారు తేలు కుట్టిన దొంగలా పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఆయన భార్య మాత్రం హాయిగా మాట్లాడింది. ఇల్లు బాగుందంది. చీజ్ బాగుందంది. ఎక్కడ కొన్నారని అడిగితే అల్లుడు గర్వంగా పెద్ద స్టోరు పేరు చెప్పి, కార్డు ఉంటే వచ్చే లాభాలు కూడా వివరించాడు. భోజనమయ్యాక ఆవిడ డబ్బా మూత తీసి, ఇవి కూడా అక్కడివేనని, ఆయనే స్వయంగా తెచ్చారని అందరికీ బిస్కెట్లు పంచింది.

అల్లుడు ఒకటి కొరికాడు. నమలడం ఆపాడు. దాన్ని వెనక్కి తిప్పి, మీదున్న ఆకు గుర్తు చూశాడు. వారం వారం చవక కొట్టు నుంచి ఆయన ఇంటికి మోసుకొచ్చే బిస్కెట్టే అది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

“ఇవి ఆ ఎదురు...”

మాట పూర్తి కాలేదు. బల్ల కింద కండక్టరమ్మ కాలు ఆయన కాలి మీద గట్టిగా పడింది. ఎందరో కుర్రకారుకు బ్రేకు తొక్కడం నేర్పిన మనిషికి, అంత గట్టి బ్రేకు అదే మొదటిసారి. ఆయన నోరు మూసుకున్నాడు.

“ఎదురుచూసినంత బాగున్నాయి అంటున్నాడు మా అల్లుడు,” అంది అత్తగారు. “పెద్దచోట కొన్నవి పెద్దగానే ఉంటాయి కదమ్మా.”

డాక్టరుగారు బిస్కెట్టు మింగి, ఊపిరి వదిలారు.

వెళ్ళేముందు చేతులు కడుక్కునే నెపంతో ఆయన వంటింట్లోకి వచ్చి, ఆమె దగ్గర నిలబడ్డారు. చిన్నప్పటి నుంచీ ఇలాంటి కొట్ల సరుకు తినే పెరిగానని, ఎక్కువిచ్చి కొన్నది గొంతు దిగదని, ఈ సంగతి తెలిస్తే తన భార్య తల ఎత్తుకోలేదని చెప్పారు. అందుకే సంచీలు. ఆ చెప్పే తీరు, ఇంజెక్షను చూసి భయపడే పేషెంటులాగే ఉంది.

“నేను టికెట్టు లేనివాళ్ళను ఎంతమందిని పట్టుకున్నానో లెక్కలేదండీ,” అంది కండక్టరమ్మ. “పెళ్ళాం పక్కనుంటే మాత్రం ఏనాడూ గట్టిగా అడగలేదు. దిగాక పక్కకి పిలిచేదాన్ని. మీరు వరసలో వెనక నిలబడండి, నాకంతే చాలు.”

అతిథులు వెళ్ళాక అల్లుడు కుంటుకుంటూ వచ్చి కారణం అడిగాడు. ఆమె చెప్పింది. వినగానే ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఊళ్ళో పేరున్న డాక్టరే చవక కొట్టులో కొంటున్నాడంటే తన మాటే నెగ్గినట్టు కదా అన్నాడు. నెగ్గినట్టేనని అత్తగారు ఒప్పుకుంది. కానీ ఎవరితోనైనా అంటే కూతురి ఉద్యోగానికి ఇబ్బందని గుర్తుచేసింది. ఇన్నేళ్ళ తర్వాత గెలిచి, ఆ గెలుపును మింగి కూర్చోవలసి రావడం ఆయనకు పళ్ళు పీకించుకున్నంత బాధైంది.

ఆ మరుసటి శనివారం నుంచి కండక్టరమ్మ చవక కొట్టుకు వెళ్ళడం మానలేదు. సరుకు కొనేది కొంచెమే. మిగతా పొద్దంతా వరస నడిపేది. మేనేజరు ఆమెకొక ఎత్తు పీట వేయించాడు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందన్నట్టు, ఆమె అంతటితో ఆగకుండా, రెండో బల్ల దగ్గర కూడా మనిషిని కూర్చోబెట్టమని ఆయన వెంటపడింది. డాక్టరుగారు వచ్చి బుద్ధిగా చివర నిలబడేవారు.

ఒకరోజు వరస ముందుభాగంలో నల్లకళ్ళద్దాలు, తలకు చుట్టిన గుడ్డతో ఒకావిడ కనిపించింది. బండి నిండా సరుకు. చంకలో మడిచిన పెద్ద స్టోరు సంచీలు. నడకను బట్టే కండక్టరమ్మ పోల్చుకుంది. సరిగ్గా అప్పుడే టోపీ పెట్టుకున్న డాక్టరుగారు లోపలికి వచ్చారు.

ఒక్కక్షణం ఆమె ఆలోచించింది. ఆయన్ని నూనె డబ్బాల సందులోకి పంపేయవచ్చు. ఆవిడను తొందరగా బిల్లు వేయించి సాగనంపవచ్చు. ఇద్దరినీ అలా ఎన్ని శనివారాలు దాచగలదు? పైగా రెండో బల్ల ఆ రోజే తెరిచారు.

“టోపీ పెట్టుకున్నాయనా, ఇటు ముందుకి రండి. కళ్ళద్దాల అమ్మా, మీరు కూడా రండి. ఇద్దరూ ఈ కొత్త బల్ల దగ్గర నిలబడండి.”

వాళ్ళు పక్కపక్కన నిలబడ్డారు. మొదట ఒకరి బండిని ఒకరు చూసుకున్నారు. రెండింట్లోనూ ఒకే పప్పు, ఒకే సబ్బు, ఒకే బిస్కెట్లు. తర్వాత తలలెత్తారు. చివరికి ఆవిడే కళ్ళద్దాలు తీసింది.

“ఆ బిస్కెట్లు నోట్లో పెట్టగానే నాకు తెలిసిపోయింది. పెద్ద స్టోరువాడు వీటినే డబ్బాలో పెట్టి మీకు అంటగట్టాడనుకున్నా. అమాయకులు, మోసపోయారని ఎంత బాధపడ్డానో.”

ఆయనకేమో ఆమె చిన్నబుచ్చుకుంటుందని భయం. ఆమెకేమో డాక్టరుగారి పరువు పోతుందని భయం. ఒకరి దర్జా ఒకరు కాపాడుకుంటూ ఇద్దరూ ఇన్నాళ్ళూ ఆ కొట్టుకు దొంగల్లా వచ్చిపోయారు. డాక్టరుగారు పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగక బండి మీదికి వంగిపోతే, వాళ్ళను జరపమన్నట్టు వెనకవాళ్ళు కండక్టరమ్మ వైపు చూశారు. ఆమె మొదటిసారి వరసను ఆపి, వాళ్ళను కాసేపు నవ్వనిచ్చింది.

ఆ సంగతి ఇంట్లో తెలియగానే అల్లుడి నోటికి తాళం ఊడింది. చవక కొట్టే గొప్పదని ఇక ఊరంతా చెప్పుకోవచ్చు. తీరా చూస్తే ఇంట్లో కాదనేవాళ్ళే లేరు. అత్తగారు అన్నింటికీ ఔను బాబూ అంటోంది. పైగా ఆయన చేతిలో వేడివేడి కాఫీ, పెద్ద స్టోరులో సభ్యులకు ఊరికే ఇచ్చేది. వాదన లేని భోజనం ఆయనకు రెండు రోజులు సయించలేదు. మూడోనాడు అన్నం కలుపుకుంటూ, అసలు మనిషి ప్రయాణానికి బస్సు మేలా, కారు మేలా అని మెల్లగా కదిపాడు. కండక్టరమ్మ పళ్ళెం పక్కకు జరిపి, కుర్చీ ముందుకు లాక్కుంది. కూతురు తన అన్నం తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.