మల్లన్న గుండు బరువు

ఆదివారం పొద్దుగాల పోశవ్వ వాకిలి ఊడ్చి, సాన్పు జల్లి, మల్లన్న గుడి ముంగట ఉన్న గుండుకు ఇంత పసుపు బండారి పూసేది. గప్పటికే నలుగురైదుగురు వచ్చి కూసునేటోళ్లు. ఊర్లె ఎవ్వలు ఏ పని మొదలువెట్టాల్నన్నా మల్లన్నను అడగాలె. మల్లన్న చెప్పేది గా గుండుతోని. గుమ్మడికాయ కంటె జర పెద్దగ, నున్నగ ఉండే రాయి. అడిగెటోడు చేతులు జోడిచ్చి నిలవడితే పోశవ్వ ఒంగి లేపేది. మల్లన్న అవునంటే గుండు పత్తిగంప తీరు చేతుల్లకు లేసొచ్చేది. కాదంటే రెండు జతల ఎడ్లను గట్టి గుంజినా కదిలేది కాదు. ఒకపారి గుంజి చూసిన్రు గూడ. ఎడ్లకు మెడలు పుండ్లయినయి గని గుండు ఉన్నకాడనే ఉన్నది.

గిది ఊరోళ్లకు ఇచ్చంత్రం గాదు. బాయిల నీళ్లున్నట్టు గుడి ముంగట గుండున్నది. రాజయ్య అయితే బర్రెను అమ్ముడు కాడికెల్లి గడ్డం గీకిచ్చుకునుడు దాక అన్నీ అడిగేటోడు.

"ఏమయ్యా, మల్లన్న నీకు తలకాయ ఎందుకిచ్చిండు?" అని పోశవ్వ ఎక్కిరిచ్చేది.

"నా తెలివితోని చేసి తప్పయితే నన్ను తిడుతరు. మల్లన్న చెప్పింది చేస్తే ఎవ్వల్ని తిడుతరు?" అనేటోడు రాజయ్య. అందరు నవ్వేటోళ్లు.

నిజాం రాజ్యం పోయి ఆరేండ్లయింది. వరుసగ రెండేండ్లు వానల్లేవు. మక్కలు అయిపోయినయి, జొన్నలు అయిపోయినయి, ఇంటింట తుమ్మికూర ఉడకవెట్టుకొని తింటున్నరు. పోశవ్వకు ఒక్కడే కొడుకు, కొమురెల్లి. మొగడు సచ్చినంక కూలికి పోయి వాన్ని సాదింది. కోడలు బాలవ్వ, మూడేండ్ల మనుమరాలు. పిల్లకు కడుపు ఉబ్బి కాళ్లు పుల్లలయినయి. గా ఎండకాలం లక్సెట్టిపేట అంగట్ల కొమురెల్లికి బాలమల్లు కలిసిండు. బొగ్గుబాయిల పనిజేసే సుట్టం. "వస్తే నిన్ను గూడ పనిల వెట్టిస్త" అన్నడు.

పోవాల్నా వద్దా కొమురెల్లికి తెల్వలే. "అవ్వా, మల్లన్నను అడుగు" అన్నడు.

ఆదివారం అందరు చూస్తుండంగ పోశవ్వ ఒంగి గుండు కింద చేతులు వెట్టింది. తేలిగ్గ లేవలే. అట్లని భూమికి అతుక్కోలే. గుండు గుండంత బరువున్నది, గంతే. నడుము గట్టి చేసుకుంటే లేస్తది, విడిచిపెడితే ఉంటది. గుండు లేపవట్టిన ఇరువై ఏండ్లల్ల ఎన్నడు ఇట్ల కాలే. మల్లన్నా, చెప్పు అని లోపల్లోపల మొక్కింది. మల్లన్న ఏమనలే.

తలకాయ తిప్పితే బాలవ్వ సంకల పిల్ల కనవడ్డది. బొటనేలు నోట్లె వెట్టుకొని చీకుతుంది, దాన్లె ఏమొస్తది పాపం. పోశవ్వ పండ్లు బిగవట్టి గుండును లేపింది. ఎవ్వలకు అనుమానం రావద్దని మొకం నవ్వుతున్నట్టు వెట్టింది. లోపల నరాలు తెగిపోతున్నయి.

"పొమ్మన్నడు" అన్నది.

కొమురెల్లి పోయిండు. రెండు నెలలు తిరిగేసరికి ఇంట్లకు జొన్నలొచ్చినయి, పిల్ల వాకిట్ల ఉరుకుడు మొదలువెట్టింది. లేపుడు మంచిదే అయిందనుకున్నది పోశవ్వ. దసరకు కొడుకు ఇంటికొచ్చిండు. మనిషి సగమయిండు. తినుకుంట తినుకుంట చెయ్యి ఆపిండు.

"అవ్వా, బాయిల నాకు భయమైతుంది. పైన కప్పు కటకటమంటది. ఫికర్ జెయ్యకు అంటరు అందరు. నిద్రల గూడ నాకు గదే సప్పుడు. మల్ల పోబుద్ధి అయితలేదు."

పోశవ్వ కంచంల ఇంకో జొన్నరొట్టె ఏసింది.

"మల్లన్న నిజంగనే పొమ్మన్నడా అవ్వా?"

అప్పుడన్న చెప్పొచ్చు. లేదు బిడ్డా, ఆయన ఏమనలే, నేనే లేపిన అని ఒక్క మాట. చెప్తే ఊరు మొకం మీద ఉమ్ముతదని భయం. మల్ల తుమ్మికూర కాడికొస్తమని భయం. అన్నిటికంటె, కొడుకు తన చేతుల దిక్కు చూస్తడని భయం.

"పొమ్మన్నడు బిడ్డా. మల్లన్న చెప్పినంక మల్ల మాటెక్కడిది?"

"గట్లయితే పోవాలె" అన్నడు కొమురెల్లి. ధైర్యం గూడ తెచ్చుకున్నడు పాపం. పొమ్మన్నోడే చూసుకుంటడని నవ్వుకుంట బస్సెక్కిండు.

దీపావళి రాకముందే కప్పు కూలింది. ఎడ్లబండి మీద శవాన్ని తెచ్చిన్రు. పోశవ్వ తన చేతులతోని తానం జేపిచ్చింది. ఎంత కడిగినా చెవులల్లకెల్లి బొగ్గుపొడి పోలే.

"రాత పోశవ్వా. మల్లన్నే పిలుసుకున్నడు, మనమేం జేస్తం" అన్నడు రాజయ్య. ఈపారి ఆయన మాటకు ఎవ్వలు నవ్వలే. బాలవ్వ గూడ గా మాటనే పట్టుకొని బతికింది. దేవుడు పొమ్మన్నడు, పోయిండు, ఎవ్వల్ని తిట్టాలె అని పొయ్యికాడ కూసుండి తనల తనే అనుకునేది. గది ఇన్నప్పుడల్ల పోశవ్వ తినే కంచం పక్కకు జరిపేది.

ఏడాది మాసికం అయినంక బాలవ్వ అన్న లింగమూర్తి ఆదిలాబాద్ నుంచి వచ్చిండు. అక్కడ జిన్నింగు మిల్లుల పనిజేస్తడు. చెల్లెకు గూడ మిల్లుల పని ఇప్పిస్త, మంచోన్ని చూసి మల్ల మనువు జేస్త అన్నడు. బాలవ్వ అవుననలే, కాదనలే. ఆదివారం గుండు కాడికొచ్చి చేతులు జోడిచ్చి నిలవడ్డది.

"అడుగు అత్తా. పొమ్మంటే పోత, ఉండుమంటే ఉంట."

పోశవ్వ చేతులు వెట్టింది. గుండు గుండంత బరువున్నది. గా దినం ఉన్నంత బరువే. లేపకుంటే కోడలు ఉంటది, మనుమరాలు ఉంటది, కాలు చేతులు ఆడనప్పుడు ఇంత గంజి పోసేటోళ్లుంటరు. శానసేపు అట్లనే ఒంగి ఉన్నది. ఆఖరికి చేతులు తీసేసింది.

"మల్లన్న ఏమంటలేడు బిడ్డా. కొమురెల్లికి అడిగిననాడు గూడ ఏమనలే. గా దినం నేనే లేపిన. దసరకు వాడు అడిగితే గూడ అబద్ధమాడిన."

బాలవ్వ తిడుతదనుకున్నది. తిడితే బాగుండు. బాలవ్వ అత్త చేతుల దిక్కే చూసింది. చూసి చూసి, ఇంట్లకు పోయి రెండు చీరెలు మూటగట్టింది, పిల్లను ఎత్తుకున్నది. మల్లన్నకు మొక్కలే, అత్తకు పోయొస్తనని చెప్పలే. "నడువన్నా, పోదాం" అన్నది. పుట్టి బుద్ధెరిగినంక ఎవ్వల్ని అడగకుండ ఆమె తీసుకున్న మొదటి నిర్ణయం గదే. పిల్ల ఒక్కతే తొవ్వ మలిగేదాక బాపమ్మ పోశవ్వ దిక్కు చెయ్యి ఊపింది.

గుడి ముంగట పోశవ్వ ఒక్కతే మిగిలింది. ఎండ నెత్తికెక్కింది. ఊరందరి కోసం అడిగిన మనిషి, తన కోసం ఎన్నడు అడగలే. గుండు ముంగట మోకాళ్ల మీద కూసున్నది.

"మల్లన్నా, వాడు సస్తడని నీకు గా దినమే ఎరుకేనా?"

గుండు పత్తిగంప తీరు లేసొచ్చింది.

కింద వెట్టి ఊపిరి తీసుకున్నది. ఆయనకు అన్నీ ముందే ఎరుకైతే నా చేతుల్ల ఏమున్నది, నా తప్పేమున్నది అని చిన్న ఆశ పుట్టింది. మల్ల అడిగింది.

"గట్లయితే, లేపకుండ ఉండుడు నా చేతుల్ల ఉండెనా?"

కాదను తండ్రీ, ఒక్కపారి కాదను అనుకుంట, గుండు భూమిల పాతుకపోవాల్నని చేతి ఏళ్లు ఆనీ ఆననట్టు ముట్టింది. గుండు లేసొచ్చింది. ముందటి కంటె తేలిగ్గ లేసొచ్చింది. గా దినం నోరు మెదపనోడు ఇయ్యాల రెండు మాటలకు జవాబిచ్చిండు.

పోశవ్వ గుండును ఒళ్లె వెట్టుకొని పొద్దుగూకేదాక గట్లనే కూసున్నది. దించబుద్ధి కాలే. కొమురెల్లి పుట్టిననాడు గింతకంటె బరువుండె.