పెరుగుకీ జలుబుకీ పడదు

పొయ్యి మీద పాలు అడుగంటుతున్నాయి. ఇంకా పొగ రాలేదు గానీ మాడు వాసన వీధి గుమ్మం దాకా పోయింది. పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చున్న మనిషి మాత్రం తీరిగ్గా పేపరు తిప్పుతున్నాడు.

"నాన్నా! పాలు!" కూతురు తడి జుట్టు తువ్వాలుతో తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. గిన్నెలోకి చూసింది, తండ్రి మొహంలోకి చూసింది. "ఏం నాన్నా, ముక్కు ఊరెళ్ళిందా?"

ఆయన పేపరు మడిచాడు. ఆ మాట వేరే ఇంట్లో అయితే వేళాకోళం. ఈ ఇంట్లో పిడుగు. ట్యాంకరు మూత సగం తెరవగానే పాలు ఎన్ని గంటలు నిలవున్నాయో, ఆవు ఏ గడ్డి మేసిందో చెప్పే మనిషి ఆయన. పనిచేసే పాల డైరీలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ "నాలుకగారు".

"నిన్న వానలో తడిశాను కదమ్మా. రాత్రి నుంచి... సబ్బు వాసన కూడా తెలియట్లేదు."

"ఇవాళా! రైలు కాంట్రాక్టరు వచ్చే రోజునా!"

అదీ సంగతి. వాళ్ళ డైరీ ముప్పై ఏళ్ళుగా ఒట్టి పెరుగే అమ్మింది. చక్కెర కూడా కలిపి ఎరగదు. ఇప్పుడు రైళ్ళలో భోజనాలు సరఫరా చేసే కాంట్రాక్టరు ఒకాయన, "మీ పెరుగులో ఏదైనా మంచి జత కలిపి ఇవ్వండి, రోజుకి పదివేల కప్పులు తీసుకుంటాను" అన్నాడు. ఎనిమిది రకాలు సిద్ధం చేశారు. ఆయన పదకొండింటికి వస్తాడు. ఈలోపు ఎనిమిదింటిలో ఒకటి తేలాలి. తేల్చాల్సింది నాలుకగారు. తేల్చి, కార్డు మీద సంతకం పెట్టాలి. ఆ కార్డు మీద ఒకే వాక్యం అచ్చువేసి ఉంటుంది: "నేను స్వయంగా రుచి చూశాను, బాగుంది." ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ వాక్యం కింద ఒక్క అబద్ధపు సంతకం పెట్టలేదు.

"మేడమ్‌కి చెప్పేద్దాం నాన్నా."

"చెబితే జామ్ మాస్టార్ని చూడమంటుంది. ఎనిమిదీ ఆయన చేసినవే. పిల్లిని పాలకి కాపలా పెట్టినట్టుంటుంది."

"అయితే నేను కిటికీ అవతల నిలబడతా. నేనూ ఒక్కో కప్పు రుచి చూస్తా. బాగుంటే చెవి పట్టుకుంటా, బాగోకపోతే..."

"సంతకం నాదీ, చెవి నీదీనా?"

కూతురు నవ్వేసింది. ఆయనకి నవ్వు రాలేదు. భార్య బతికున్న రోజుల్లో ఆయన ఒకసారి తుమ్మితే చాలు, పెరుగు గిన్నె అటక ఎక్కేది. "పెరుగుకీ జలుబుకీ పడదు. మీ డైరీ శాస్త్రం డైరీలోనే పెట్టుకోండి" అనేది. ఇవాళ ఆ మాట అనేవాళ్ళు లేరు. అన్నా వినే వీలూ లేదు.

తొమ్మిదయ్యేసరికి రుచిగది హడావిడిగా ఉంది. గదంటే పెద్దదేం కాదు. తెల్ల పలకల గోడ, ఒక పొడుగాటి స్టీలు బల్ల, ఒక సింకు, ఒక గడియారం. పక్కనే తోడు గది. కూతురి ఉద్యోగం అక్కడే, కాచి చల్లార్చిన పాలల్లో తోడు వెయ్యడం. బల్ల మీద మనిషికి ఎనిమిది చొప్పున కప్పులు వరుసగా పెట్టి ఉన్నాయి. అన్నీ అప్పుడే కలిపినవి.

"బాబాయ్, టైము లేదు!" అంటూ మేడమ్ దూసుకొచ్చింది. డైరీ పెట్టిన యజమాని కూతురు ఆవిడ. నాలుకగారి ముందే జడలు వేసుకుని తిరిగింది కాబట్టి ఇప్పటికీ బాబాయ్ అనే అంటుంది. "ఈ ఆర్డరు దొరికితే రెండో షిఫ్టు మొదలుపెట్టొచ్చు. చెప్పు చెప్పు, ఏది?"

"ఇంకా చెంచా ముంచలేదమ్మా."

జామ్ మాస్టారు మీసం సవరించుకున్నాడు. పెద్ద హోటల్లో పదేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. "వరసగా తినండి నాలుకగారూ. చివరిది చివరికే ఉంచండి. దాని తర్వాత ఇంకేదీ నోటికి ఆనదు."

మిగతావాళ్ళు గబగబా తినేశారు. మేడమ్ అయితే నిలబడే ఎనిమిదీ ఊడ్చింది. నాలుకగారు మాత్రం చెంచా తుడిచాడు. కప్పుని వెలుతురుకి ఎత్తి చూశాడు. మళ్ళీ చెంచా తుడిచాడు. చల్లకొచ్చి ముంత దాచినట్టు, రుచి చూడ్డానికి వచ్చి నోరు దాచుకుంటున్నాడని కిటికీ అవతల కూతురికి ఒక్కదానికే తెలుసు.

మొదటిది కీరదోస, పుదీనా. నోట్లో కరకరలాడింది, చల్లగా తగిలింది, అంతే. పుదీనా ఉందని పచ్చటి ముక్క చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. రెండోది తేనె, అక్రోటు. తేనె పరిమళం పోతే మిగిలేది చక్కెర పాకమేనని ఆయనకి మొదటిసారి తెలిసింది. పుచ్చకాయ ముక్కలు పెరుగుని నీళ్ళు చేసి తామూ నీళ్ళయ్యాయి. అది కంటికే కనిపిస్తోంది. నారింజ తొనలు పెరుగుతో పోటీపడి పులుపెక్కాయి.

"ఇది వద్దు," అన్నాడు నారింజని పక్కకి జరుపుతూ. "గయ్యాళి మీద గయ్యాళిని తెచ్చి పెట్టినట్టుంది."

"అద్గదీ!" అంది మేడమ్. "నాలుకంటే నాలుకే!"

ఆయన లోలోపల ముడుచుకుపోయాడు. కాల్చిన బంగాళాదుంప, మిరియాలు బాగానే తగిలాయి. కారానికి ముక్కుతో పనిలేదు కదా. ఖర్జూరం మెత్తగా సర్దుకుంది. అరటిపండు ముక్కల అంచులు అప్పుడే నల్లబడుతున్నాయి. గడియారం పది కావస్తోంది.

"బాబాయ్, ఎనిమిదోది తిను! మేం అందరం దానికే ఓటేశాం. అబ్బ, ఏం పరిమళం!"

ఎనిమిదోది అనాస. మాస్టారు పచ్చి పండుని సన్నగా తరిగి, రసంతో సహా కలిపాడు. "హోటల్లో ఎప్పుడూ ఉడికించేవాళ్ళం. కానీ పచ్చిగా ఉంటేనే ఆ ఘుమఘుమ!" అన్నాడు. నాలుకగారికి ఏ ఘుమఘుమా లేదు. చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాడు. తీపి. పులుపు. ఆ తర్వాత నాలుక చివర, మొండిగా, మందుబిళ్ళ కరిగినట్టు...

చేదు.

ఇంకో చెంచా తిన్నాడు. చేదే.

ఇంతమందికి తియ్యగా ఉన్నది తనకొక్కడికే ఎందుకు చేదుగా ఉంది? జలుబు నాలుక కాబట్టా? ఊరుకుంటే రోజుకి పదివేల చేదు కప్పులు. చెబితే, "జలుబు మనిషి మాట" అని తీసిపారేస్తారు. చెప్పాలంటే ముందు జలుబు సంగతి చెప్పాలి. జలుబు సంగతి చెబితే తర్వాతి మాట ఎవరూ నమ్మరు.

మేడమ్ కార్డు ఆయన ముందుకు తోసి పెన్ను మూత తీసి ఇచ్చింది. కిటికీ అవతల కూతురు రెండు చెవులూ పట్టుకుని నిలబడింది. ఆమెకీ తియ్యగానే ఉందన్నమాట.

ఆయన పెన్ను కింద పెట్టాడు.

"అమ్మా, నాకు నిన్న రాత్రి నుంచి వాసన తెలియట్లేదు. జలుబు. పొద్దున్నే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే. కానీ ఇది చేదుగా ఉంది."

మాస్టారు పకపకా నవ్వాడు. "మేడమ్, ముక్కు మూసుకుపోయినాయన పండు రుచి చెబుతున్నాడండీ! కళ్ళు మూసుకున్నాయన్ని రంగు అడిగినట్టుంది!"

"బాబాయ్, గంట ముందు మేం తిన్నాం కదా," మేడమ్ గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువ. "చేదేంటి? అమృతంలా ఉంటే!"

గంట ముందు. ఆ మాట దగ్గర ఆయన ఆగాడు. వాళ్ళు తిన్నది గంట ముందు. తను మొహం దాచుకోవడానికి సాగదీసి సాగదీసి తిన్నది ఇప్పుడు.

"అమ్మా, రైల్లో జనం ఎప్పుడు తింటారు?"

"ఎప్పుడేంటి... సాయంత్రం. భోజనంతో."

"మరి మనం కలిపిన నిమిషానికే తిని ఓట్లేస్తే ఎలా? నా కప్పు ఇదిగో, ఇప్పుడు తిను. ముక్కు మూసుకుని తిను."

మేడమ్ ముక్కు పట్టుకుని, ఆయన కప్పులో కొత్త చెంచా ముంచింది. నమిలింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. ముక్కు వదిలింది, మళ్ళీ పట్టుకుంది. సింకు వైపు పరుగెత్తింది.

"చేదు!" అని అక్కడి నుంచే అరిచింది. "వాసన కమ్మేస్తోంది బాబాయ్, వెనకాల చేదుంది!"

మాస్టారు కప్పు లాక్కుని వంచి చూశాడు. గట్టిగా ఉండాల్సిన పెరుగు పక్కలకి జారుతోంది. మధ్యలో పచ్చటి నీరు తేలింది. మీసం మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అయ్యో నా మతి మండా!" అన్నాడు. "హోటల్లో ముదురు మాంసం మెత్తబడాలంటే ఈ రసమే పట్టించేవాళ్ళం. మాంసాన్నే కరిగించేది పెరుగుని వదులుతుందా!"

"పదీ పది," అంది మేడమ్, గడియారం చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని. "మిగతా ఏడింటిలో కాంట్రాక్టరుకి అంతగా నచ్చేది ఏదీ లేదు. పండైతే మేలన్నాడు, అందులోనూ అనాస అయితే మరీ ఇష్టమన్నాడు. ఎలా?"

అప్పటికి కూతురు కిటికీ వదిలేసి గదిలోకి వచ్చేసింది.

"మేడమ్, తోడు వేసే ముందు పాలు ఎందుకు కాస్తాం? అందులో అల్లరి చేసేవాటిని అణచడానికే కదా. ఈ అనాసనీ కాస్తే?"

"ఉడికిస్తే మాంసం మీద కూడా పనిచెయ్యదు!" మాస్టారు అప్పటికే పెద్ద గిన్నె అందుకున్నాడు. "అమ్మాయ్, నువ్వు పండు తరుగు! నాలుకగారూ, గరిటె పట్టండి, కలుపుతూ ఉండాలి!"

"నన్ను ఎగతాళి చేసిన నోటితోనే?"

"ఆ నోరు తర్వాత కడుక్కుంటానండీ, ముందు కలపండి!"

ఇక పక్కనున్న డైరీ వంటగదిలో చూడాలి. కత్తి టకటకలు, పొయ్యి బుసబుసలు, "మంట పెంచు", "వద్దు, అడుగంటుతుంది", "పెద్దాయన్ని తప్పుకోమను", "పెద్దాయన తప్పుకోడు!" గిన్నె మీదకి వంగి నాలుకగారు గరిటె తిప్పుతూనే ఉన్నాడు. ఆవిరి మొహమంతా పట్టేసింది, కళ్ళజోడు మసకబారింది. మాస్టారు గిన్నెని చల్లనీళ్ళ తొట్టిలో దించి, ఊది ఊది చల్లార్చాడు. పదీ యాభైకి కొత్త కప్పులు తయారయ్యాయి. నాలుకగారు ఒకటి తిన్నాడు. తీపి, పులుపు. చేదు కోసం నాలుకంతా వెతికాడు. లేదు.

"ఇప్పటికి లేదు," అన్నాడు. "సాయంత్రం మాట సాయంత్రమే చెబుతా. అప్పటి దాకా సంతకం లేదు."

కాంట్రాక్టరు పదకొండు కొట్టకముందే దిగాడు. పొట్టిగా, తోలుసంచి భుజాన వేసుకుని, కూర్చోమన్నా కూర్చోని మనిషి. కప్పు ఖాళీ చేసి, చెంచా నాకి, "బాగుంది. కార్డేదీ?" అన్నాడు.

మేడమ్ నాలుకగారి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మేడమ్ విరిగిపోయిన పచ్చి అనాస కప్పుని కూడా తెచ్చి కాంట్రాక్టరు ముందు పెట్టింది. జరిగిందంతా, జలుబుతో సహా, దాచకుండా చెప్పేసింది.

కాంట్రాక్టరు రెండు కప్పుల్నీ మార్చి మార్చి చూశాడు. "నలభై ఏళ్ళ వ్యాపారంలో పాడైన సరుకు చూపించి ఆర్డరు అడిగినవాళ్ళు మీరే," అన్నాడు. "సరే. కొత్తది ఒకటి నా సంచిలో వెయ్యండి. రైల్లో ఆరింటికి తింటా. తిన్నాక ఫోన్ చేస్తా."

సాయంత్రం ఆరింటికి అందరూ రుచిగదిలోనే ఉన్నారు. ఇళ్ళకి వెళ్ళాల్సినవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడ్డారు. బల్ల మీద పొద్దుటి నుంచి ఉంచిన ఒక కప్పు, దాని పక్కన కార్డు. నాలుకగారు మూత తీశాడు. పెరుగు కదల్లేదు, గోడ కట్టినట్టుంది. చెంచా నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

"ఏమైంది నాన్నా?"

ఏదో సన్నగా, తలుపు సందులోంచి పిలిచినట్టు, ఆయన ముక్కులోకి వచ్చింది. ముందు అనాస. దాని వెనకే పాల కమ్మదనం, కొత్త పెరుగు పులుపు, పక్క గదిలో చల్లారుతున్న పాలు, గుమ్మంలో ఎవరిదో తడి గొడుగు కూడా. పొద్దున్న గిన్నె మీద వంగి పట్టిన ఆవిరి ఎప్పుడో ఆ తాళం తీసేసినట్టుంది. ఆయన కళ్ళు చెమర్చాయి. జలుబేమోలే అనుకున్నారు అందరూ.

చెంచా తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. అప్పుడే ఫోను మోగింది.

"ఆయనే!" మేడమ్ చెయ్యి చాచింది.

"ఆగమ్మా. ముందు సంతకం."

"బాబాయ్, మోగుతోంది!"

"మోగనీ. ఆయన ఏమన్నాడో విన్నాక పెడితే అది ఆయన సంతకం అవుతుంది."

ఫోను మోగుతూనే ఉంది. ఆయన తాపీగా కార్డు ముందుకు లాక్కుని, అచ్చు వాక్యం కింద రాశాడు: "ముక్కు లేకుండా ఒకసారి, ముక్కుతో ఒకసారి." దాని కింద సంతకం పెట్టి, సిరా ఆరేలా ఊదాడు.

"ఇప్పుడు ఎత్తు."

మేడమ్ మీట నొక్కి అందరికీ వినపడేలా పెట్టింది. ముందు రైలు చప్పుడు, ఆ తర్వాత చెంచా అడుగున గీకుతున్న చప్పుడు.

"ఏమండీ," అన్నాడు కాంట్రాక్టరు నిష్ఠూరంగా, "పొద్దున్న ఇంకొకటి నా సంచిలో వేసుంటే మీ సొమ్మేం పోయేది?"