తోమియే చెప్పిన పోలిక

మా బొగ్గుగనిలో సమ్మె మొదలై ఐదు నెలలయ్యింది. అప్పుడు నేను మూడో తరగతి. యూనియన్ రెండుగా చీలిపోయింది. పాతవాళ్లు గేటుకు అడ్డంగా కూర్చునేవారు. కంపెనీ పక్షాన చేరిన కొత్తవాళ్లు కర్రలతో వాళ్లను కొట్టి, తొక్కుకుంటూ పనిలోకి పోయేవారు. రోజూ ఎవరిదో ఒకరి తల పగిలేది.

మా ఇకెగామి టీచర్ శనివారాలు కవిత్వం చెప్పేది. ఆ రోజు పోలికల పాఠం. బయట వాన పడుతోంది.

"వాన పడుతోందని అందరూ అంటారు. మీ చెవికి దేనిలా ఉందో అది చెప్పండి," అంది.

కాయో లేచింది. "మా నాన్న దగ్గులా ఉంది టీచర్. ఆగిందనుకుంటే మళ్లీ మొదలవుతుంది."

టీచర్ ఆ మాటను నల్లబల్ల మీద రాసింది. కాయో తండ్రి కొత్త యూనియన్. వెనక బెంచీలోంచి తోమియే లేచింది. ముందురోజే గేటు దగ్గర దాని తండ్రి తలకు ఏడు కుట్లు పడ్డాయి.

"వాళ్ల నాన్న కుక్కలాంటోడు. కంపెనీ ఎముకేస్తే తోకాడిస్తాడు."

సగం క్లాసు చప్పట్లు కొట్టింది.

"అది గేటు దగ్గర పెద్దవాళ్లు అరిచే మాట తోమియే. నువ్వు చూసింది చెప్పు."

"చూశా. మా నాన్న తల పగలగొట్టింది వాళ్ల నాన్నే."

కాయో సిరా నూరే రాయి తీసి దాని మొహాన కొట్టింది. కనుబొమ చీలింది. ఇద్దరూ కిందపడి దొర్లారు. తోమియే కాయో చెవి కొరికి పట్టుకుంది. టీచర్ విడదీసేసరికి చెవి పైముక్క ఊడి వచ్చింది.

ఎవరు కబురు చెప్పారో, తోమియే తండ్రి మోరియాసు తలకు కట్టుతోనే వచ్చాడు. చేతిలో పార పిడికర్ర ఉంది.

"ఆ పిల్లనిటు పంపు టీచరమ్మా."

"పంపను. దానికి తొమ్మిదేళ్లు, మోరియాసు గారూ."

"అడ్డం తప్పుకో."

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ ఆమె కదల్లేదు. కర్ర ఆమె ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది. మోకాళ్ల మీద కూలిందే గాని గుమ్మం వదల్లేదు. కాయో నా బల్ల కింద దూరి గౌను తడుపుకుంది.

రెండోసారి కర్ర లేచినప్పుడు తోమియే పరుగెత్తి తండ్రి మణికట్టు కొరికింది. ఆయన విదిలించాడు. పిల్ల గోడకు కొట్టుకుని పడింది. అప్పుడు గాని ఆయనకు అది తన కూతురని తెలియలేదు. కర్ర పడేసి ఎత్తుకోబోతే, తోమియే వెనక్కి జరిగింది.

టీచర్ పోలీసులకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన్ను జైల్లో పెట్టారు.

మూడు వారాల తర్వాత ఆమె చేతికి పిండికట్టుతో వచ్చి, ఎడమచేత్తో వంకరగా రాస్తూ పాఠం మొదలుపెట్టింది. తోమియే తను రాసుకొచ్చిన కాగితం చదివింది.

"మా నాన్న కర్ర ఎత్తాడు. అప్పుడు దేనిలాగా లేడు. మా నాన్నలాగే ఉన్నాడు. అందుకే భయమేసింది."

"కూర్చో తల్లీ," అంది టీచర్.

చలికాలానికి సమ్మె ఓడిపోయింది. తోమియే వాళ్లు ఒసాకా వెళ్లిపోయారు. కాయో ఇప్పుడు మా పక్క వీధిలోనే బట్టలు కుడుతుంది. కురచైన చెవి కనబడకుండా జుట్టు దించుకుంటుంది. నేను కనబడినప్పుడల్లా తోమియే ఉత్తరం రాసిందా అని అడుగుతుంది.