గీత వచ్చిన మొక్క

నేను నారు పెంచే వలగది రోజూ ఒక చేను దూరం ఊరి నుంచి జరిగిపోతోంది. కట్టినప్పుడే చెప్పారు. ఊళ్ళో ఆలుగడ్డ చేలన్నిటికీ వైరస్ తెగులు ఉంది, ఆకులు దొన్నెల్లా ముడుచుకుంటున్నాయి. ఆకుపేను ఎక్కడ వాలితే అక్కడికి తెగులును మోసుకుపోతుంది. అందుకని మంచి నారు దూరంగా ఉండాలి. నారుతోపాటు నేనూ.

ఇది గడ్డ కోసి పెట్టిన పంట కాదు. ఆలుగడ్డ పూలకు కాసిన కాయల్లోంచి గింజ తీసి పోసిన నారు. ఒకే కాయలోవే అయినా ఒకదాని పోలిక ఒకదానికి లేదు.

పరిశోధన కేంద్రం నుంచి వాహిదా మేడం స్కూటర్ మీద వస్తుంది. ప్రతి మొక్క ఆకులోంచీ చొక్కా గుండీ అంత ముక్క తీస్తుంది. దాన్ని నూరి, నీళ్ళలో కలిపి, ఏవేవో చేసి, నీలం దీపం కింద పెడుతుంది. తెల్లగీత కనిపిస్తే ఆ మొక్కలో తెగులును ఆపే జన్యువు ఉన్నట్టు. ఒక్క మొక్కకు గీత వస్తే చాలు, ఇక దూరంతో పని లేదు, నేను ఇంటికి పోవచ్చు.

నా భార్య శివలీల జొన్నరొట్టె తెస్తుంది. దూరం పెరిగేకొద్దీ ముందుగా బయలుదేరాలి కాబట్టి ఇప్పుడు రేపటి రొట్టె ఇవాళే తెస్తోంది. వల బయటే ఆగుతుంది.

"ఇంక ఎన్నొద్దులయ్యా గిట్ల?"

"గీత రావాలె."

"నా చేతిల మస్తు గీతలున్నయి. చూస్తవా?" అని అరచెయ్యి వలకు ఆనిస్తుంది.

"గవి నడవయట."

"మీ మేడంకు నీలం దీపమే గని కండ్లు లేవు" అంటుంది. రొట్టె లోపలి తలుపుకూ బయటి తలుపుకూ మధ్య సందులో పెట్టి వెళ్ళిపోతుంది. నడిచేకొద్దీ ఆమె ముందరి దారి సాగుతోంది. ఆమె కొంగు పరుచుకుని అక్కడే కాసేపు కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది.

గీత రాని మొక్కలను నేను పీకే పని లేదు. మేడం పేరు పేరునా చెప్పగానే అవే వేళ్ళు పైకి లాక్కుని, మట్టి దులుపుకుని, వరుసగా బయటికి పోతాయి. లోపలి తలుపు మూశాకే బయటి తలుపు తెరవాలన్నది వాటికీ తెలుసు. చివరిది వెనక్కి తిరిగి గడియ సరిగా పడిందా లేదా చూసుకుంటుంది.

ఒక్క మొక్క మిగులుతుంది. ఊదారంగు కాడ, కొంచెం వంగిన నడుము. నేను దానికి ఇంటి సంగతులు చెబుతూ ఉంటాను. నీళ్ళ గోలెం ఎక్కడుంటుందో, మంచం ఏ వైపు కుంగుతుందో. అది వింటుంది.

ఆ మొక్కకు గీత వస్తుంది.

"వచ్చింది మాణికప్పా" అంటుంది మేడం.

"అయితే ఇంటికి పోతం."

"మొక్క పోతది. నీ సంగతి చూడాలె గద." ఆమె నా చెవి తమ్మె నుంచి గుండీ అంత ముక్క తీస్తుంది. నొప్పి లేదు. నీలం దీపం కింద ఇద్దరం చాలాసేపు చూస్తాం. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"నీకు గీత లేదు. ఊరి గాలి తగిలితే ఆకు ముడుచుకుంటది."

"నాకు ఆకులెక్కడివి మేడం?"

"ఏదుంటే గది ముడుచుకుంటది" అని స్కూటర్ తిప్పుకుంటుంది. మొక్క నా తువ్వాలు భుజాన వేసుకుని వెనక సీటు మీద కూర్చుంటుంది.

ఇంత దూరం నుంచి కూడా మా వాకిలి బాగా కనిపిస్తోంది. మొక్క ఎవరినీ అడగకుండా గోలెం దగ్గరికి పోయి కాళ్ళు కడుక్కుంటుంది. మంచానికి కుంగని వైపు కూర్చుంటుంది. శివలీల దాని ముందు వేడి రొట్టె పెట్టి, ఇంతాలస్యం ఎందుకైందని అడుగుతున్నట్టుంది. తర్వాత నవ్వుతుంది. ఆ నవ్వు నా దగ్గరికి వచ్చేసరికి పొద్దు గూకుతుంది, సగమే వినిపిస్తుంది.

ఇక్కడ ఇప్పుడు దూరంగా ఉంచాల్సింది ఏమీ లేదు కాబట్టి గది ఆగాలి. కానీ బరువు తగ్గింది కాబట్టి అది ఇంకా వేగంగా జరుగుతోంది. నల్లరేగడి అయిపోయి ఎర్రమట్టి వస్తుంది. వరి వస్తుంది, తాటిచెట్లు వస్తాయి, ఇసుక వస్తుంది. రొట్టె రావడం లేదు.

ఇసుక చివర సముద్రం ఉంది. నన్ను చూసి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్న మనిషిలా ఒక చేను దూరం వెనక్కి జరుగుతుంది. పడవలు మాత్రం నీళ్ళున్నప్పటి ఎత్తులోనే గాలిలో ఆగి ఉన్నాయి. వాటిలో కూర్చున్నవాళ్ళు తల ఎత్తకుండా గాలిలోంచి చేపలు తీస్తున్నారు.

నేను వలకు అరచెయ్యి ఆనిస్తాను. పడవలోంచి ఒక ముసలాయన చూస్తాడు. తలపాగా విప్పి, నా గాలి తగలకుండా ముక్కూ నోరూ కప్పుకుంటాడు.

పడవలన్నీ ఇంకో మనిషి ఎత్తు పైకి లేస్తాయి.