సీటు కింద కడియం

నేను ఒక కడియాన్ని. చేతికి వేసుకునే కడియాన్ని కాదు, అంత అదృష్టం నాకెక్కడిది! సైకిలు ఫ్రేముకీ సీటుకీ మధ్య, మనుషులు కూర్చునే చోటుకి కాస్త కిందగా ఉండి, సీటు జారిపోకుండా పట్టుకునేదాన్ని. అక్కణ్నుంచి లోకాన్ని చూసినవాళ్లకి మనుషుల మీద పెద్ద భ్రమలేవీ మిగలవు. నా మాట కాస్త పుల్లగా ఉంటే ఏమీ అనుకోకండి.

పంజాబులో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అల్యూమినియం ఒళ్లు, అందులో ఒక చీలిక, ఆ చీలికని దగ్గరికి లాగే బోల్టు. బోల్టుకి ఒక చివర వేళ్లతో తిప్పే చిన్న నట్టు, రెండో చివర మడిచే పిడి. పాత సైకిళ్లకి సీటు ఎత్తాలన్నా దించాలన్నా స్పానరు కావాలి. నాకు అక్కర్లేదు. పిడి తెరిస్తే సీటు వదులవుతుంది, మడిస్తే బిగుస్తుంది. ఇంత చిన్న సంగతి కూడా తెలియదేమోనని నాతోపాటు డబ్బాలో ఒక కాగితం పెట్టారు, బొమ్మలతో సహా. పెట్టినాయన ఎవరో గానీ చాలా అమాయకుడు. ఆ కాగితాన్ని మావాళ్లు నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న టీవీ బల్ల కాలి కింద దూర్చారు.

మావాళ్లంటే రామచంద్రపురం దగ్గర కాలవగట్టు మీద ఉన్న ఒక చిన్న ఊళ్లో కాపురం ఉంటున్న సత్యవేణి, ఆవిడ భర్త ఏడుకొండలు. ఆయన తాటిచెట్టంత మనిషి. ఆవిడ ఆయన భుజం దాకా కూడా రాదు. ఇంట్లో సైకిలు మాత్రం ఒక్కటే. తెల్లవారుతూనే ఆయన దాని మీద రైసుమిల్లుకి వెళ్లి, ఎనిమిదిన్నరకి వచ్చేస్తాడు.

సత్యవేణికి అప్పుడే ఉత్తరాలు బట్వాడా చేసే పని దొరికింది. పర్మనెంటు కాదు, కంటి ఆపరేషనుకి సెలవు పెట్టినాయన స్థానంలో రెండు నెలలు. నెగ్గుకొస్తే, తర్వాత ఖాళీ పడినప్పుడు ఆవిడ పేరే పైకి రాస్తానని పోస్టుమాస్టరు గారు మాట ఇచ్చారు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆవిడకి బయటివాళ్లెవరైనా ఇచ్చిన మొదటి మాట అది. అందుకని దాన్ని ప్రాణంలా పట్టుకుంది.

చిక్కల్లా సీటు దగ్గరే వచ్చింది. అది ఏడుకొండలు ఎత్తుకి బిగించి ఉంది. ఆవిడ ఎక్కితే కాళ్లు నేలకి అందవు, ఆగాల్సిన ప్రతి గుమ్మం దగ్గరా దూకాల్సిందే. సీటు కిందికి దించి ఉంచుదామంటే, అలా మిల్లుకి వెళ్తే నలుగురూ నవ్వుతారని ఆయన ఒప్పుకోలేదు. ఒక మగవాడి పరువు నాలుగంగుళాల గొట్టం మీద నిలబడి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. సత్యవేణి వాదించలేదు. ఫోనులో నా బొమ్మ చూసి, నన్ను తెప్పించింది.

నన్ను బిగించే భాగ్యం సైకిల్ షాపు మౌలాలికి దక్కింది. ముప్పై ఏళ్ల అనుభవం. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, అత్తారింట్లో వంకలు పెట్టే అల్లుడిలా మొహం చిట్లించాడు.

"స్పానరు పట్టని సామాను కూడా సామానేనా తల్లీ?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా జాతకం రాసేశాడు. పాత బోల్టు ఊడదీసి, సీటు గొట్టానికి ఇడ్లీకి నెయ్యి రాసినంత ధారాళంగా గ్రీజు పట్టించాడు. ఫ్రేముకి వెనకవైపు ఒక చీలిక ఉంటుంది. నా చీలిక సరిగ్గా దాని మీదికి రావాలి, అప్పుడే గొట్టం చుట్టూ పట్టు పడుతుంది. ఆయన నా చీలికని పక్కకి పెట్టాడు. పిడిని మడవాల్సింది పోయి, కుళాయి కట్టేసినట్టు గుండ్రంగా తిప్పాడు. తిరగనని మొరాయించేసరికి పట్టకారు పెట్టి ఇంకో అరచుట్టు తిప్పి, ఇక ఏనుగెక్కినా కదలదని హామీ ఇచ్చి పంపాడు.

ఏనుగు అక్కర్లేకపోయింది. సోమవారం సత్యవేణి ఉత్తరాల సంచీతో బయల్దేరిన పది నిమిషాలకే సీటు దిగడం మొదలెట్టింది. మొదటి ఊరు దాటేసరికి ఆవిడ మోకాళ్లు గడ్డానికి వచ్చాయి. దిగి పైకి లాగుతుంది, ఎక్కుతుంది, మళ్లీ జారుతుంది. టీకొట్టు దగ్గర కూర్చున్న పెద్దమనుషులు ముక్కున వేలేసుకుని, ఆడవాళ్లకి ఈ ఉద్యోగాలు ఎందుకో చర్చించుకున్నారు. వాళ్లలో ఒక్కరికీ ఏ ఉద్యోగమూ లేదు.

దారిలోని పోస్టుడబ్బాల్లోంచి తీసిన ఉత్తరాలు మూడింటి మెయిలు బండికి అందించాలి. ఆవిడ వచ్చేసరికి బండి వెళ్లిపోయింది. పోస్టుమాస్టరు గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకోవాల్సొస్తుందమ్మా," అన్నారు నెమ్మదిగా.

ఇంట్లో ఏడుకొండలు బాగా ఆలోచించి కారణం కనిపెట్టాడు. దిష్టి. ఆడమనిషి ఖాకీ సంచీ వేసుకుని ఊరంతా తిరుగుతుంటే కళ్లు పడవా మరి? నిమ్మకాయా, ఏడు పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి తెచ్చాడు. ఎక్కడ కట్టాలా అని చూస్తే నేను కనిపించాను. ఇంత చక్కగా బయటికి పొడుచుకొచ్చిన కొక్కెం ఆ సైకిలు మొత్తానికి ఇంకోటి లేదు. నా పిడికి దారం మూడు చుట్లు చుట్టి ముడేసి, కుంకం బొట్టు పెట్టి దణ్ణం పెట్టాడు. ఆ మనిషి పెళ్లాం కోసం మనసారా చేసిన పని అది, అందుకే తిట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ ఇప్పుడు ఎవరైనా పిడి మడుద్దామనుకున్నా మడవలేని స్థితికి వచ్చాను.

మర్నాడు సీటు జారడమే కాదు, పక్కకి కూడా తిరిగింది. కాలవగట్టు మలుపులో సత్యవేణి సంచీతో సహా బురదలో పడింది. ఉత్తరాలు చెల్లాచెదురయ్యాయి. ఎవరూ లేరు గనక ఆవిడ కాసేపు ఏడ్చింది. నాకు సిగ్గేసింది. పట్టుకోవడానికి పుట్టినదాన్ని, అలా జారవిడిచాను.

తర్వాత కళ్లు తుడుచుకుని, చున్నీ గట్టు మీద పరిచి తడిసిన ఉత్తరాలు ఆరబెట్టింది. నా వైపు తిరిగింది. అంతమంది చేతులు పడ్డాక నన్ను నిజంగా చూసిన మొదటి మనిషి ఆవిడే. దారం పళ్లతో కొరికి తెంపి, నిమ్మకాయని మాత్రం భక్తిగా పక్కన పెట్టింది. చిరాకుతో పిడిని లోపలికి తోసింది. అది కీలు దగ్గర టక్కున వంగింది. మడిచింది. గొట్టం కాస్త బిగిసినట్టు చేతికి తెలిసింది. మళ్లీ తెరిచి, రెండో వైపు నట్టుని వేళ్లతో కొద్దిగా తిప్పి, మళ్లీ మడిచింది.

అప్పుడు చీలికలు రెండూ చెరో దిక్కు చూస్తుండటం ఆవిడ కంటపడింది. ఊళ్లోవాళ్లకి జాకెట్లు కుట్టిన చేతులవి. కాజా ఎదురుగా ఉంటేనే హుక్కు పడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. నన్ను వెనక్కి తిప్పింది, చీలిక చీలిక మీదికి వచ్చింది. పొంగిన గ్రీజు ఆకుతో తుడిచింది. సీటు తన ఎత్తుకి పెట్టుకుని, అరచెయ్యి ఆనించి పిడిని గట్టిగా నొక్కింది. పిడి అచ్చు ఎర్రగా అరచేతిలో పడింది. నేను బిగుసుకున్నాను, పుట్టాక మొదటిసారి.

ఆ రోజు ఏ గుమ్మం దగ్గరా ఆవిడ దూకలేదు, కాలు ఆనించి నిలబడింది. పోస్టాఫీసుకి చేరేసరికి మెయిలు బండికి ఇంకా పావుగంట టైముంది.

రెండు నెలలూ పొద్దున ఆయనకి ఎత్తడం, తర్వాత తనకి దించుకోవడం, రెండూ ఆవిడే చేసింది. మౌలాలి మాత్రం ఇదంతా తను బిగించిన మహిమే అని ఊరంతా చెప్పుకున్నాడు. పోస్టుమాస్టరు గారు మాట తప్పలేదు. మరుసటి ఏడు ఖాళీ పడింది, ఉద్యోగం ఆవిడకే వచ్చింది. ఏడుకొండలుకి వేరే సైకిలు కొన్నారు.

మొన్నొకరోజు ఆయన సైకిలుకి పంక్చరు పడింది. మిల్లుకి ఆలస్యమవుతోందని ఆవిడ సైకిలు బయటికి తీసి, సీటు ఎత్తడానికి నా పిడి మీద చెయ్యేశాడు. సత్యవేణి గుమ్మంలో ఉంది.

"దాన్ని ముట్టుకోకండి. అది నా ఎత్తు," అంది.

ఆయన చెయ్యి తీసేశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, మిల్లుకి నడిచి వెళ్లాడు.

నేను త్వరగా విడిపోవడానికి పుట్టిన వస్తువుని. నా గొప్పంతా అదే. అలాంటిది, ఆవిడ కొలతకి బిగిసి ఏడేళ్లయింది, ఒక్క అంగుళం కదల్లేదు. పిడి మూల తుప్పు కూడా మొదలైంది. పంజాబులో నన్ను చేసినవాళ్లు చూస్తే నవ్వుతారేమో. నవ్వుకోనివ్వండి.